లిదియమ్మ టీచరు ముగించని యుద్ధాలు

లిదియమ్మ టీచరు ఇంట్లో మొదలైన యుద్ధం ఏదీ చివరిదాకా సాగదు. ఆవిడ గురించి ఇంకేం చెప్పినా ఈ మాట చెప్పిన తర్వాతే చెప్పాలి. ఆవిడకి వ్యాకరణం వచ్చు, చేపల పులుసు వచ్చు, చర్చిలో అందరికంటే పై శ్రుతిలో పాడటం వచ్చు, అరచేతిలో పట్టే బండికి ఆవగింజంత మేకులుంటే ఒక్కో మేకుకీ విడిగా ఇత్తడి రంగు వేయడం వచ్చు. ఆట ముగించడం మాత్రం రాదు. ఎవరో ఒకరు గెలవబోతున్నారనగా ఆవిడకి ఎక్కడో ఒక అన్యాయం కనిపిస్తుంది. కళ్ళజోడు తీసి పక్కన పెడతారు. టీచరు కళ్ళజోడు తీశారంటే ఆ రోజుకి ఆట అయిపోయినట్టే.

"ఇది అన్యాయం. ఈ ఆట చెల్లదు," అంటారు. ఆ తర్వాత కాఫీ తెస్తారు. కాఫీ బాగుంటుంది. అందుకే ఇంకా ఒళ్ళు మండుతుంది.

ఆట ఏమిటో ముందు చెప్పాలి. పెట్రోలు, డీజిలు, కరెంటు ఏవీ రాకుండా లోకమంతా ఆవిరి మీదే నడిచి ఉంటే బండ్లు ఎలా ఉండేవి? వీపు మీద బాయిలరు మోసే ట్యాంకులు, పొగగొట్టాలతో రోడ్డు మీద నడిచే ఓడలు, సాలెపురుగులా కాళ్ళున్న రైలింజన్లు. అలాంటి బండ్లను చిన్న చిన్న ప్లాస్టిక్ ముక్కలుగా చేసి పెట్టెల్లో అమ్ముతారు. కొన్నవాళ్ళు ఆ ముక్కలు అతికించి, రంగులు వేసి, బల్ల మీద సైన్యంలా నిలబెట్టి, టేపుతో దూరం కొలిచి, పాచికలు వేసి యుద్ధం చేస్తారు. దీన్ని స్టీమ్‌పంక్ అంటారట. ఒక్కో సైన్యానికి ఒక తల్లిబండి ఉంటుంది. అది పోతే ఓడిపోయినట్టు. అంతే ఆట.

టీచరు చెల్లెలి కొడుకు జోసెఫ్ బెంగుళూరులో ఉద్యోగం చేస్తాడు. ఒక క్రిస్మస్‌కి వచ్చినప్పుడు అలాంటి పెట్టె ఒకటి తెచ్చి ఇచ్చాడు. పెద్దమ్మ దాన్ని అద్దాల బీరువాలో పెట్టుకుంటుందనుకున్నాడు. అప్పటికి టీచరు హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరై, దిద్దడానికి ఏమీ దొరక్క, ఆత్మకూరు బజారులో అంగళ్ళ బోర్డుల మీద అక్షరదోషాలు దిద్దిస్తూ తిరుగుతున్నారు. ఒక టిఫిను హోటలాయన 'ఇడ్లి'కి దీర్ఘం పెట్టించలేక, ఆవిడ వచ్చే వేళకి బోర్డు మీద గోనెపట్టా కప్పేవాడు. ఆ పెట్టె రావడంతో బజారుకి విముక్తి దొరికింది. మేం దొరికిపోయాం.

మేమంటే ముందు నేను. పేరు వెంకటరమణ, ఆవిడ దగ్గర చదువుకున్నవాణ్ణి, బస్టాండు దగ్గర జిరాక్స్ షాపు. ఆట నియమాలను ఆవిడ తెలుగులోకి మార్చుకుని టైపు చేయించడానికి నా దగ్గరికి వచ్చారు. టైపు చేస్తూ సందేహం అడిగాను. అదే నేను చేసిన పొరపాటు. ఆ శనివారమే బల్ల ముందు కూర్చోబెట్టారు. తర్వాత సుజన చేరింది. మందుల షాపు నడుపుతుంది. రంగులు కడగడానికి స్పిరిటు కొనడానికి టీచరు పోతే, ఎందుకని అడిగింది. ఆమెదీ అదే పొరపాటు.

స్టీమ్‌పంక్ అన్న మాట టీచరుకి నచ్చలేదు. ఆవిరిలోకం అని పేరు పెట్టారు. బండ్లకి ధూమకేతువు, గజరథం, అగ్నిశకటం అని పేర్లు. నేను ఒకసారి గజరథాన్ని ఏనుగుబండి అన్నానని ఆ రోజు ఆట చెల్లకుండా పోయింది. యుద్ధభూమి ఏమిటంటే, బడిలో పారేసిన పాత నల్లబల్ల. దాన్ని రెండు బెంచీల మీద పడుకోబెట్టి, దాని మీద చాక్‌పీసుతో రోడ్లు గీస్తారు. ఒక మూల థర్మకోలుతో ఉదయగిరి కొండ. ఆవిడ పుట్టిన ఊరు అది. నడుమ నీలం జిగురుతో పెన్న. ఇంకో మూల అగ్గిపెట్టెలతో సోమశిల డ్యాం. వానాకాలంలో ఆ డ్యాంకి చెమ్మపట్టి గేట్లు ఊడిపోతే, నిజం డ్యాంకి ఏదో అయినంతగా బాధపడ్డారు.

బండ్ల విషయంలో ఆవిడ పట్టుదల మాటల్లో చెప్పలేను. బండికి పళ్ళచక్రాలు ప్లాస్టిక్‌వి బాగాలేవని, ఉదయగిరిలో కొయ్య గరిటెలు, చెంచాలు చెక్కేవాళ్ళ దగ్గరికి బస్సెక్కి పోయారు. కందిపప్పు గింజంత చక్రం, చుట్టూ పళ్ళు ఉండాలని బొమ్మ గీసి చూపించారు. ఆ పనివాడు చాలాసేపు చూసి, ఈ పళ్ళ గరిటెతో ఏ కూర తిప్పుతావమ్మా అని అడిగాడట. టీచరు ఆ కోపంతో తిరుగు బస్సులో పక్కవాళ్ళకి ఆవిరిలోకం గురించి ఆత్మకూరు దాకా చెప్పారు. చక్రాలు మాత్రం అతనే చేసి పంపాడు. చాలా బాగా చేశాడు.

ఇంకోసారి పొగగొట్టానికి మసి రంగు కుదరలేదు. అసలు మసి ఎలా ఉంటుందో చూడాలని డిపో దగ్గరికి పోయి, ఆగి ఉన్న బస్సు వెనక వంగి, సైలెన్సరు గొట్టం లోపలికి దూది పెట్టి తిప్పారు. డ్రైవరు ఎవరో తనిఖీకి వచ్చిన అధికారి అనుకుని దిగి వచ్చి, బండి నిన్ననే షెడ్డు నుంచి వచ్చిందని సంజాయిషీ చెప్పుకున్నాడు. "మసి చాలా బాగుండాది నాయనా," అని మెచ్చుకున్నారు టీచరు. ఆ మనిషి ఆ మాటని ఏమని అర్థం చేసుకున్నాడో గాని, ఇప్పటికీ నా షాపు ముందు నుంచి పోతూ టీచరు బాగుండారా అని భయంగా అడుగుతాడు.

ఇంత ఓర్పుగా రంగులు వేసే మనిషి ఆట దగ్గరికి వచ్చేసరికి ఇంత అన్యాయంగా ఎందుకుంటారన్నదే మా మంట.

సాకులు వినండి. ఒకసారి నేను సుజన తల్లిబండిని మూలకి తోసేశాను. ఇంకొక్క పాచిక. ఫ్యాను గాలికి నీ పాచిక దొర్లింది, అది నువ్వు వేసిందెట్టవుతుందని టీచరు కళ్ళజోడు తీశారు. తర్వాతి వారం ఫ్యాను ఆపి, చెమటలు కారుస్తూ ఆడాం. పాచికకి చెమట అంటిందని ఆపారు. ఇంకోసారి నాకు తుమ్ము వచ్చింది. ధూమకేతువు పొగగొట్టంలో పొగలాగా పెట్టిన దూది ఎగిరిపోయింది. పొగ లేదంటే ఇంజను ఆగినట్టు, ఇంజను ఆగిన బండిని కొట్టడం మర్యాద కాదు, కాబట్టి చెల్లదు. సుజన గెలిచే రోజున గోడ మీద బల్లి పలికింది. తనకి శకునాల మీద నమ్మకం లేదని, అయితే బల్లి పలికితే సుజన తలెత్తి చూసిందని, చూడకుండా వేసిన పాచిక లెక్కలోకి రాదని టీచరు తీర్పు. నాకు విసుగొచ్చి, టీచర్, మీ బండ్లన్నీ చచ్చిపోయినాయి అన్నాను. బండ్లు చావవని, చెడిపోతాయని, ప్రాణి ఏదో వస్తువేదో తెలియనివాడితో ఆడటం తనకి చిన్నతనమని అన్నారు. పదో తరగతిలో నా మార్కులు కూడా గుర్తు చేశారు, సుజన ముందర.

ఆవిడ ఆడే ఆటలే కాదు. నేనూ సుజనా ఆడుకుంటున్నా, పక్కన రంగులు వేసుకుంటున్న మనిషి కుంచె పట్టుకుని లేచి వచ్చి మరీ ఆపేవారు. బల్ల ఆవిడది, ఇల్లు ఆవిడది, నియమాలకి అర్థం చెప్పేదీ ఆవిడే. ఎవరితో చెప్పుకోవాలి?

దీనికంతటికీ విసుగు లేకుండా ప్రతి శనివారం వచ్చేవారు కొండయ్య గారు ఒక్కరే. సంగం దగ్గర పల్లె. కాలవ కింద మాగాణి ఉన్న పెద్దరైతు. వాళ్ళ నాయన ఆ ఊరికి చాలాకాలం ప్రెసిడెంటు. కొండయ్య గారు మొదట మా దగ్గరికి వచ్చింది ఆడటానికి కాదు, పోట్లాడటానికి. తన బంధువుల ఇంటికి ఆత్మకూరు వచ్చి, టీచరు కిటికీలో ఎండకి పెట్టిన ఆవిరి ట్రాక్టరును చూసి, పొగగొట్టం తప్పు వైపు పెట్టినారే అని లోపలికి వచ్చారు. ఆ వాదన తేలలేదు. తేలకపోయేసరికి వచ్చే శనివారం మళ్ళీ వచ్చారు. తర్వాత సొంతంగా సైన్యం తెప్పించుకున్నారు. ఇంటి గేటుకి వేయగా మిగిలిన ఆకుపచ్చ పెయింటు మొత్తం బండ్లన్నిటికీ పట్టించారు. చక్రాలకీ అదే, పొగకీ అదే. టీచరు ఆ సైన్యాన్ని మొదటిసారి చూసినప్పుడు మంచినీళ్ళు అడిగి తాగారు.

ఆట ఆడటంలో ఆయనది రైతు పద్ధతి. బండిని నల్లబల్ల ఈ చివర నుంచి ఆ చివరికి తిన్నగా నడుపుతారు, మడక తిప్పుకున్నట్టు తిప్పుకుని, పక్కన ఇంకో సాలు పట్టుకుని తిన్నగా వెనక్కి వస్తారు. దారిలో శత్రువు ఎదురైతే ఆయనకి ఆశ్చర్యంగా ఉంటుంది. తల్లిబండిని ఎప్పుడూ డ్యాం కిందే, అందరికీ కనపడేలా పెడతారు. చల్లగా ఉంటుందట. అయినా ప్రతిసారీ గెలుపు తనదేనని ఆయన నమ్మకం. టీచరు ఆట ఆపినప్పుడల్లా, చేతికి వచ్చింది పోయిందే అని మాకంటే ఎక్కువ నొచ్చుకునేవారు. కాఫీ తాగి, "వచ్చేవారం వదల్ను చూడు రమణా," అని నా భుజం తట్టి బస్సెక్కేవారు. టీచరుకి ఓడిపోవడం చేతకాదని మా ముగ్గురిలో మొదట తేల్చింది ఆయనే. పాపం ఆడమనిషి, ఓటమి తట్టుకోలేదు అనేవారు. సుజన అయితే అంత మెత్తగా అనేది కాదు.

ఒకరోజు సుజన మందుల షాపు మూసి నా దగ్గరికి వచ్చి, ఇంక తన వల్ల కాదంది. వారమంతా పనిచేసి, శనివారం మధ్యాహ్నం షాపు ఇంకొకరికి అప్పజెప్పి, బల్లి పలికిందని ఓడిపోకుండా గెలవకుండా ఇంటికి పోవడం ఏమిటని అడిగింది. నాకూ కడుపు మండిపోయి ఉంది. ఇద్దరం కూర్చుని ఒక కొత్త నియమం రాశాం. ఎవరు అలిగినా, ఎవరు లేచిపోయినా ఆట ఆగదు. లేచినవాళ్ళ బండ్లను అంపైరు నడిపించి ఆట ముగిస్తాడు. న్యాయం, అన్యాయం తేల్చేదీ ఆయనే.

అంపైరు కూడా సిద్ధంగా ఉన్నాడు. హర్ష అని నెల్లూరు కుర్రాడు, కంప్యూటరు ఉద్యోగం. సంగంలో అత్తగారింట్లో ఉండి పనిచేసుకుంటున్నాడు. ఏదో కాగితం జిరాక్సు తీయించుకోవడానికి వచ్చి, నా బల్ల మీదున్న అగ్నిశకటాన్ని గుర్తుపట్టాడు. మద్రాసులో ఈ ఆట పోటీలకి పోయి వచ్చినవాడు. నేను మా కష్టాలన్నీ చెప్పాను. ఓడిపోతాననగానే లేచిపోయే టీచరు అని చెప్పాను. అతను నవ్వి, అలాంటివాళ్ళని చాలామందిని చూశానండీ అన్నాడు.

శనివారం నియమాన్ని టీచరు చేతికిచ్చాం. చదివారు. 'అంపైరు' ఎందుకు, 'మధ్యవర్తి' అనలేరా అన్నారు. అది దిద్దారు. కాగితాన్ని మొదటి నుంచి మళ్ళీ చదివి, మడిచి బల్ల అంచున పెట్టారు. కొండయ్య గారికి మాత్రం పట్టరాని సంతోషం. ఇన్నాళ్ళకి న్యాయం ఉండే ఆట ఆడతాండాము అన్నారు. సుజన చీటీలు వేసి తీసింది. మొదటి ఆట టీచరుకీ కొండయ్య గారికీ పడింది. నేను కుర్చీ దగ్గరికి లాక్కున్నాను. టీచరు ఓడిపోవడం చూడటానికి ఎన్ని శనివారాలు ఎదురుచూశానో నాకే తెలుసు.

ఆట మొదలైంది. కొండయ్య గారు దుక్కి దున్నుతున్నారు. టీచరు ఆ రోజు ఆడినంత మెల్లగా ఎవరూ ఆడరు. టేపు ఎండకి సాగిందన్నారు. హర్ష తన టేపు తీసి ఇచ్చాడు. వీధిలో ఆటో హారన్‌కి చెయ్యి అదిరిందన్నారు. మళ్ళీ వేయండి మేడమ్ అన్నాడు. తన గజరథాన్ని కొండయ్య గారు బొమ్మ అన్నారని, క్షమాపణ కావాలన్నారు. కొండయ్య గారు ఆ ఉత్సాహంలో వెంటనే చెప్పేశారు. టీచరు కళ్ళజోడు తీశారు. ఎవరూ కదల్లేదు. మళ్ళీ పెట్టుకున్నారు. ఆ కళ్ళజోడు తీసినా ఆట ఆగకపోవడం ఆ ఇంట్లో అదే మొదలు. నేనూ సుజనా ఒకరినొకరు చూసుకున్నాం. చెప్పకూడదు గాని, నాకు చాలా హాయిగా ఉంది.

అప్పుడు హర్ష నా పక్కకి వంగి, మెల్లగా చెవిలో అన్నాడు. "మీరు చెప్పింది తిరగబడిందండీ. ఆమె ఓడిపోతానని లేస్తారన్నారు కదా. ఈ ఆట ఆమె ఎప్పుడో గెలిచేశారు. ఒక్క పాచిక వేస్తే ఆయన తల్లిబండి పోతుంది. అందుకే వేయకుండా ఏదో ఒకటి చెప్తున్నారు."

నేను బల్ల వైపు చూశాను. నిజమే. డ్యాం కింద ఆకుపచ్చ తల్లిబండి. దాని ఎదురుగా ధూమకేతువు. నడుమ ఏమీ లేదు. బడిపిల్లవాడికి కూడా తెలిసే ఎత్తు. నాకు తెలియలేదు, ఎందుకంటే నేను చూస్తున్నది బల్లని కాదు, టీచరు ముఖాన్ని. పాత ఆటలు గుర్తు చేసుకున్నాను. కొండయ్య గారి తల్లిబండి అన్ని ఆటల్లోనూ డ్యాం కిందే ఉండేది. ఆయనతో ఆడుతూ టీచరు లేచినప్పుడల్లా ఓడిపోబోతున్నది ఎవరు? మంచినీళ్ళకని వసారాలోకి వచ్చాను.

వసారాలో నాగులమ్మ గారు కూర్చుని ఉన్నారు. కొండయ్య గారి భార్య. ఈసారి గెలిచి వస్తానని ఆయన బస్సు దగ్గర కనపడినవాళ్ళందరికీ చెప్పి బయల్దేరారట. ఆవిడ ఉండబట్టలేక వెనకే ఆటోలో వచ్చారు. నన్ను చూడగానే లేచి, "మా ఆయన ఓడిపోలేదు కదా నాయనా?" అని అడిగారు. ఇంకా లేదన్నాను. ఇంకా అంటే ఏందని నిలదీశారు. కొత్త నియమం గురించి చెప్పాను. ఆవిడ తల పట్టుకుని మళ్ళీ కూర్చున్నారు.

"మా ఆయన ఓడిపోయిన చోటికి మళ్ళా పోడు రమణా. ప్రెసిడెంటు ఎలక్షన్లో ఓడినాడు, ఊళ్ళో నలుగురూ కూర్చునే కాడికి పోవడం మానేసినాడు. పేకాటలో ఓడినాడు, క్లబ్బు మానేసినాడు. మా అల్లుడి చేతిలో షటిల్ ఓడినాడు, అల్లుడింటికి పోవడం మానేసినాడు. ఇంక ఆయన పోయేదానికి మిగిలింది ఈ ఇల్లొకటే. ఈడ చేరిన మొదటి వారమే నేనొచ్చి టీచరమ్మకి చెప్పుకున్నా. నేను చూసుకుంటాలే అన్నది మహాతల్లి. ఇప్పుడు మీరొచ్చి న్యాయం చేస్తాండారా?"

న్యాయం అన్న మాట ఆవిడ అన్న తీరుకి నేను మంచినీళ్ళు తాగకుండానే లోపలికి వచ్చాను.

లోపల ఏమీ మారలేదు. టీచరు పిడికిలిలో పాచిక ఉంది. హర్ష మర్యాదగా, మేడమ్, మీ వంతు అంటున్నాడు. వేస్తే కొండయ్య గారు పోయినట్టు. లేచిపోతే హర్ష వేస్తాడు, అప్పుడూ పోయినట్టే. ఆ దారి నేనే మూసేశాను. సుజన గోడ వైపు చూసి, బల్లి కూడా లేదు టీచరమ్మా అంది. కొండయ్య గారు బల్ల అవతల చేతులు కట్టుకుని, గెలిచిన మనిషిలాగా చిరునవ్వుతో ఉన్నారు. టీచరు చెయ్యి మెల్లగా పైకి లేచింది.

"ఆపండి," అన్నాను. "ఇది అన్యాయం. ఈ ఆట చెల్లదు."

అందరూ నా వైపు తిరిగారు. ఆ ఇంట్లో ఆ మాట అనే హక్కు ఒక్కరికే ఉండేది. అంపైరు గారు ఇందాక నా చెవిలో ఆట సంగతి మాట్లాడారని, ఎవరు గెలుస్తున్నారో కూడా చెప్పారని, ఆట నడుస్తుండగా అంపైరు బయటివాళ్ళతో అలా మాట్లాడితే అది ఎక్కడి న్యాయమని అడిగాను. హర్ష నోరు తెరిచాడు. నేను మీకే కదండీ చెప్పింది అన్నాడు. అదే నేనూ అంటాండా అన్నాను. సుజన నన్ను చూసిన చూపు ఇంకో రెండు వారాలు తగ్గలేదు.

అసలు గండం అప్పుడు వచ్చింది. కొండయ్య గారు చేతులు విప్పి, హర్ష ఎదురుగా నిలబడి, "ఎవరు గెలుస్తాండారని చెప్పినావు నాయనా?" అని అడిగారు.

కుర్రాడు మంచివాడు, అడిగితే నిజం చెప్పే రకం. అప్పుడు టీచరు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. మధ్యవర్తి ఒకసారి నోరు జారింది చాలదా, మళ్ళీ జారమంటారా, ఆయన ఇంక ఒక్క మాట మాట్లాడటానికి వీల్లేదు అని గట్టిగా అన్నారు. పిడికిలిలో పాచికని పెట్టెలో వేసి మూత పెట్టేశారు. కొండయ్య గారు, నా పేరే చెప్పుంటాడులే అన్నారు. ఆ తర్వాత నన్ను తిట్టడం మొదలుపెట్టి, కాఫీ అయ్యేదాకా తిట్టి, నాగులమ్మ గారితో ఆటో ఎక్కుతూ కూడా తిడుతూనే పోయారు.

హర్షని బస్టాండులో టీ కొట్టు దగ్గరికి తీసుకుపోయి సంగతంతా చెప్పాను. ముందు నమ్మలేదు. తర్వాత టీ ఒలికేలా నవ్వాడు. మళ్ళీ వస్తానన్నాడు, అంపైరుగా మాత్రం రానన్నాడు.

అక్కడి నుంచి తిరిగి టీచరు ఇంటికి పోయాను. ఆవిడ అగ్గిపెట్టెల డ్యాం గేటుకి బూడిద రంగు వేస్తున్నారు. నాగులమ్మ గారు చెప్పారని అన్నాను. ఇంత బాధ ఎందుకు టీచర్, ఆయన చేతిలో ఒకసారి ఓడిపోతే సరిపోయేది కదా అని అడిగాను.

అప్పుడు చూడాలి ఆవిడ కోపం. సాకుల కోపం కాదు, అసలైన కోపం. "కావాలని ఓడిపోవాల్నా? అది మోసం కాదంట్రా? ఇన్నేళ్ళు పిలకాయలకి నేను చెప్పిందేంది, నువ్వు నేర్చుకున్నదేంది? ఆట ఆపితే నన్ను తిట్టుకుంటారు, అంతే. దొంగాట ఆడితే ఆ పెద్దమనిషిని పసిబిడ్డని చేసినట్టు." కుంచె నీళ్ళలో ముంచి, కాస్త తగ్గి, "అయినా ఆయన చేతిలో ఓడిపోవడం ఎవరి వల్లవుతుంది? నా బండ్లని నేనే గుద్దుకోవాల," అన్నారు.

సరే, మరి నా ఆటలూ సుజన ఆటలూ ఎందుకు ఆపారని అడిగాను. మేం గెలిచేవి కూడా పోయాయి కదా. ఒక్క కొండయ్య గారి ఆటే ఆపితే ఆయనకి అనుమానం రాదా, అందరివీ ఆపితే ముసలామెకి పిచ్చి అనుకుంటారని చెప్పారు. అలా అనుకున్నాం కూడా. సుజనకి చెప్పమంటారా అంటే, వద్దన్నారు. ఆ పిల్లకి మనసులో ఒకటి పెట్టుకుని పైకి ఒకటి అనడం రాదు, దాని కోపం నిజమైంది కాబట్టే కొండయ్య గారు నమ్ముతాండారు అన్నారు. నేను లేచి వస్తుంటే పిలిచారు.

"ఒరే రమణా. మధ్యవర్తి చెవిలో చెప్పినాడన్నది బాగుండాది. నిజం కూడా. నాకు తట్టలేదు."

హైస్కూలు చదువంతటిలో ఆవిడ నన్ను మెచ్చుకున్నది లేదు. ఆ రోజు నేను షాపు తెరవకుండా తిన్నగా ఇంటికి పోయాను.

తర్వాతి శనివారం అందరికంటే ముందు వచ్చింది కొండయ్య గారే. రమణ మళ్ళీ అడ్డం పడకుండా చూడండని టీచరుకి చెప్పి, సుజన ఎదురుగా కూర్చున్నారు. సుజన ఆ రోజు కసి మీద ఉంది. కొండయ్య గారు ఇటు సాలు పట్టి అటు తిరిగేలోగా, ఆమె బండ్లు డ్యాం కిందికి చేరిపోయాయి. పాచిక చేతిలోకి తీసుకుంది. చేయి ఊపింది.

"టేపు సాగిపోయిండాది," అన్నారు టీచరు.

అదే క్షణంలో నేను, నల్లబల్ల ఒక పక్కకి వాలిందని అన్నాను.

ఇద్దరం ఒకేసారి అనడం వల్ల ఒక చిక్కు వచ్చింది. బల్ల వాలితే తప్పు బల్లది, టేపుది కాదు. టేపు సాగితే తప్పు టేపుది, బల్లది కాదు. బల్ల నిన్ననే సరిచేశాను, వాలడానికి వీల్లేదని టీచరు అన్నారు. ఆ టేపు హర్ష ఇచ్చిపోయిన కొత్తది, ఎట్లా సాగుతుందని నేనన్నాను. తన టేపు గురించి నాకేం తెలుసని ఆవిడ, నాకు కళ్ళు కనపడవా అని నేను. సాకులని మరిచిపోయి నిజంగానే పోట్లాటలో పడ్డాం. మాట పెరిగి పదో తరగతి మార్కుల దాకా వచ్చింది. సుజన పాచికని పెట్టెలోకి విసిరేసి, మీ ఇద్దరికీ దండం అని చెప్పి, కాఫీ కలపడానికి తనే వంటింట్లోకి పోయింది.

కొండయ్య గారు లేచి మా ఇద్దరి మధ్యకి వచ్చారు. ఒక చెయ్యి నా భుజం మీద వేశారు. టీచరు వైపు తిరిగి, చాలా శాంతంగా, పెద్దమనిషి తరహాలో మాట్లాడారు.

"గమ్మునుండండి టీచరమ్మా. ఆటన్నాక ఒకరు గెలుస్తారు, ఒకరు ఓడతారు. ఓడిపోయేదానికి ఇంత భయపడితే ఎట్ట? అది మనసులో పెట్టుకోకూడదు. నన్ను చూసి నేర్చుకోండి."

టీచరు నోరు తెరిచారు. ఊళ్ళో ఉన్న బోర్డులన్నీ దిద్దిన మనిషి, బల్లినీ ఫ్యాన్నీ వదలని మనిషి, ఆ మాటకి ఏం చెబుతారోనని నేను కాచుకుని ఉన్నాను. ఆవిడ కళ్ళజోడు తీసి, కొంగుతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నారు.

"నేర్చుకుంటా లెండి కొండయ్య గారూ," అన్నారు.

ఆయన తృప్తిగా తలాడించి, ఆకుపచ్చ బండ్లన్నిటినీ ఒక్కొక్కటిగా పెట్టెలో సర్దుకుని, వసారాలోకి పోయి నాగులమ్మ గారికి ఫోన్ చేశారు. ఈరోజు కూడా గెలిచే ఆటే ఆగిపోయిందని, వీళ్ళకి ఎంత చెప్పినా బుద్ధి రాదని చెప్పారు. ఆయన ఫోన్‌లో అవతలివాళ్ళ మాటలు కూడా వీధి చివరిదాకా వినిపిస్తాయి. అవతల నుంచి నాగులమ్మ గారు, అయితే వచ్చే శనివారం కూడా పోవాల్నా ఏంది అని విసుక్కుంటున్నట్టు అడగడం, మేం ముగ్గురం కాఫీ గ్లాసులతో నిలబడి విన్నాం.